చేతుల పుస్తకానికి రెండో ప్రూఫు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఎండలు ముదురుతున్న రోజుల్లో, తెనాలిలో నేను పనిచేసే ఆఫ్‌సెట్ ప్రెస్సులో ఒక ఫొటోల పుస్తకం పని నాకు అప్పగించారు. అప్పటికి నేను ప్రీప్రెస్ విభాగానికి ఇన్‌చార్జిని. ప్రీప్రెస్ అంటే కాగితం మిషన్ ఎక్కే ముందు జరగాల్సిన పనంతా: బొమ్మల రంగులు సరిచేయడం, పేజీలు కూర్చడం, ప్రూఫులు తీయడం, పాసైన ప్రూఫు ప్రకారం మిషన్ మీద బిగించే ప్లేట్లు చేయించడం. రేపల్లె నుంచి రోజూ పొద్దున రైల్లో వచ్చే డీటీపీ ఆపరేటరుగా మొదలుపెట్టి ఆ కుర్చీ దాకా రావడానికి నాకు సగం జీవితం పట్టింది. నాకు కోపం ఎక్కువని ప్రెస్సులో అందరూ అనేవాళ్ళు. అందులో అబద్ధమేమీ లేదు. ఒక్క ప్లేటులో తప్పు దొర్లితే ప్రతి కాపీలోనూ అదే తప్పు పడుతుంది. అలాంటి పనిలో కూర్చుని అన్నిటికీ నవ్వుతూ తలూపడం నాకు చేతకాలేదు.

మాది పెళ్ళిపత్రికలు, క్యాలెండర్లు, నోటుపుస్తకాల అట్టలు, పెళ్ళి ఆల్బములతో బతికే ప్రెస్సు. ఆర్ట్ పుస్తకం అంటే మా ప్రొప్రయిటరు గారికి నమ్మకం కుదిరేది కాదు. ఫొటోలన్నీ సెల్లులోనే ఉంటున్నాయి గదమ్మా, ఇంత బరువు పుస్తకం ఎవరు మోస్తారని ఆయన అడిగారు. నాకైతే ఆ సందేహం ఎప్పుడూ లేదు. మా విభాగంలో బీరువా మీద చిత్రకళకు సంబంధించిన ఒక పెద్ద పుస్తకం ఉండేది. రంగులు ఎంత బాగా అచ్చు వేయవచ్చో చూసి నేర్చుకోమని ఎప్పుడో తెప్పించింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక బైండింగు సెక్షన్ ఆడవాళ్ళు వచ్చి దాన్ని దించమనేవాళ్ళు. వాళ్ళలో కొందరికి చదవడం రాదు. రోజంతా కాగితాలు మడిచే మనుషులే అయినా, ఆ పుస్తకం ముట్టుకునే ముందు మాత్రం చేతులు కొంగుకు తుడుచుకునేవాళ్ళు. సెల్లులో బొమ్మను వేలితో తోసేస్తాం. పుస్తకంలో బొమ్మ ముందు కూర్చుంటాం. ముగ్గురు ఒకేసారి వంగి చూడొచ్చు, ఒకరు పేజీ తిప్పబోతే ఇంకొకరు ఆగమనొచ్చు. అలా ఆగమన్న బొమ్మలో ఏముందని అడిగితే వాళ్ళు చెప్పలేకపోయేవాళ్ళు. నేనూ చెప్పలేను. ఆగమనాలనిపించడమే ఆ పుస్తకాల గొప్ప అని మాత్రం తెలుసు.

నాకు అప్పగించిన పుస్తకం రామ్మోహనరావు మాస్టారిది. ఆయన బాపట్లలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత కెమెరా పట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి ఒకే ఒక్క విషయం మీద ఫొటోలు తీశారు: పనిచేసే చేతులు. చెరుకుపల్లి పొలాల్లో నాట్లు వేసే చేతులు, రేపల్లె దిగువన వలలు బాగుచేసే చేతులు, మగ్గం మీద చేతులు, అన్నిటికంటే ఎక్కువగా వేటపాలెంలో జీడిగింజలు కొట్టే ఆడవాళ్ళ చేతులు. ఒక్క ఫొటోలోనూ మొహం ఉండదు. జీడిగింజ తొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది, నల్లటి మరక దింపుతుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా ఎంతో కొంత దిగుతూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ పనిలో ఉన్నవాళ్ళకు ఆ నలుపు గోళ్ళ సందుల్లో, అరచేతి గీతల్లో ఉండిపోతుంది. ఆ నలుపును మాస్టారు ఎంత ఓపికగా ఫొటోల్లోకి పట్టారంటే, మొదటిసారి ఫైళ్ళు తెరిచిన రోజు నేను టీ తాగడానికి కూడా లేవలేదు.

ఆ ఆడవాళ్ళకు ఆయన ఒక మాట ఇచ్చారు. అచ్చయిన మొదటి కాపీలు వాళ్ళు జీడి కొట్టే షెడ్డుకే తెచ్చి ఇస్తానని. ఆ సంగతి మొదటి రోజే నాకు చెప్పారు. అది మొదలు రెండు రోజులకోసారి ఫోను చేసి ఎంతవరకు వచ్చిందమ్మా అని అడిగేవారు. పెద్దవాళ్ళ తొందర ఇంతే అనుకున్నాను.

మా పనిలో ప్రూఫుది ఒక పద్ధతి. మిషన్ మీద ఎలా వస్తుందో అలాగే ప్రతి పేజీకి ఒక నమూనా షీటు తీస్తాం. అదే ప్రూఫు. దాన్ని పగటి వెలుగును పోలిన ట్యూబులైట్ల కింద అసలు ఫొటోతో పక్కపక్కన పెట్టి చూస్తాం. తర్వాత పని ఇచ్చిన పార్టీకి పంపిస్తాం. పార్టీ సరేనని ప్రతి షీటు మీదా సంతకం పెడితే ప్లేట్లకు వెళ్తుంది. సంతకం పడ్డాక రంగు గురించి మమ్మల్ని అడిగే హక్కు ఎవరికీ ఉండదు. ప్రెస్సులకు ఆ సంతకమే రక్షణ.

ప్రూఫులు తీయాల్సిన వారంలో మా అత్తగారికి ఆపరేషనై నేను సెలవు పెట్టాను. పని వెంకటేశుకు అప్పగించాను. అతను ఏళ్ళుగా పెళ్ళి ఆల్బములు చేస్తున్న సీనియర్ ఆపరేటరు, నమ్మకమైన మనిషి. పెళ్ళి ఆల్బము పనిలో మా దగ్గర ఒక అలవాటుంది. ఫొటోలు రాగానే అందరి రంగూ తేల్చేస్తాం. దానికి కంప్యూటరులో ఒక ఏర్పాటు చేసి పెట్టుకుంటాం. ఒక్క మీట నొక్కితే చర్మం కనిపించిన చోటల్లా నలుపు తగ్గి, మచ్చలు పోయి, నునుపు వచ్చేస్తుంది. ఎవరూ అడగనక్కర్లేదు. పెళ్ళికూతురిని ఇంకాస్త నల్లగా చేయండని వచ్చినవాళ్ళు నా సర్వీసులో ఒక్కరూ లేరు. వెంకటేశు అలవాటు చొప్పున చేతుల ఫొటోలన్నిటికీ ఆ మీట నొక్కేశాడు. మీటకు లొంగని మరకలుంటే కూర్చుని బ్రష్షుతో ఒక్కొక్కటీ తుడిచాడు. మనసు పెట్టి చేశాడు, అదే ఘోరం. ప్రూఫులు బాపట్ల వెళ్ళాయి. ప్రతి షీటు మీదా మాస్టారి సంతకంతో తిరిగి వచ్చాయి.

నేను సెలవు నుంచి వచ్చేసరికి ప్లేట్లు తయారవుతున్నాయి. మిషన్ పక్కన పెట్టిన ప్రూఫు ట్యూబులైట్ల కిందికి పట్టుకెళ్ళి చూశాను. జీడి కొట్టే చేతులు గోరింటాకు పెట్టించుకోవడానికి చాచిన చేతుల్లా ఉన్నాయి. వెంకటేశును పిలిచి ఏంటిదని అడిగాను. "మరకలు గదండి మేడమ్, తీసేశా. ఆయన కూడా పాస్ చేశారండి," అన్నాడు. తిట్టబోయి ఆగిపోయాను. అతను చెప్పింది నిజమే, ఆయన పాస్ చేశారు.

ప్రొప్రయిటరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయనా అదే అన్నారు. తీసిన మనిషికే లేని అభ్యంతరం మనకెందుకమ్మా, స్కూళ్ళు తెరిచే ముందు నోటుపుస్తకాల పని మీద పడుతుంది, ఈ వారం దాటితే మిషన్ ఖాళీ ఉండదన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. నాకు మాస్టారి మీద ఒళ్ళు మండింది. అంత ప్రాణం పెట్టి తీసిన మనిషి చూసుకోకుండా సంతకం పెడతారా అనిపించింది. ఆయన ఇచ్చిన హార్డ్ డిస్కులో అసలు ఫైళ్ళు భద్రంగానే ఉన్నాయి. అందులోంచి ఒక ఫొటోకు నేనే కొత్త ప్రూఫు తీసి, వెంకటేశు చేసినదాన్ని కూడా పట్టుకుని, మధ్యాహ్నం రైల్లో బాపట్ల వెళ్ళాను.

మాస్టారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. కుశల ప్రశ్నలు కూడా వేయకుండా రెండు షీట్లూ బల్ల మీద పరిచి, "ఇందులో మీ ఫొటో ఏదండి మాస్టారూ?" అన్నాను. అడిగిన తీరు మర్యాదగా లేదని నాకే తెలుసు.

ఆయన బాగా కిందికి వంగారు. తల ఒక పక్కకు వాల్చి, కాగితానికి మొహం ఆనించినంత దగ్గరగా పెట్టి, ఒక షీటు మీది నుంచి ఇంకో షీటు మీదికి జరిగారు. చాలాసేపు చూశారు. వాళ్ళావిడ లలితమ్మగారు కాఫీ గ్లాసుతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు. చివరికి ఆయన వెంకటేశు తుడిచిన షీటు మీద వేలు పెట్టారు.

"ఇదేనమ్మా. వెలుతురు బాగా పడింది."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. లలితమ్మగారు గ్లాసు బల్ల మీద పెట్టి, "ఇంకా ఎన్నాళ్ళు దాస్తారు, ఆ అమ్మాయికి చెప్పండి," అన్నారు.

ఆయన కళ్ళకు నీటికాసులు, గ్లకోమా అంటారే అది. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో కంట్లో చూపు అంచుల నుంచి లోపలికి తగ్గుకుంటూ వస్తోంది. మిగిలిన ఆ కాస్తలో కూడా ముదురు రంగులన్నీ ఒకటిగానే కనిపిస్తున్నాయి. పోయినది తిరిగి రాదని, ఉన్నది ఎంతకాలం ఉంటుందో చెప్పలేమని డాక్టరు అన్నారు. ఏడాది నుంచి ఆయన కెమెరా ముట్టుకోలేదు. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. "చూపు లేని మాస్టారు తీసిన ఫొటోలంటే జాలిపడి చూస్తారమ్మా. ఫొటోని ఫొటోలాగా చూడరు," అన్నారు. బల్ల మీది షీట్లను వేళ్ళతో తడుముతూ, "నాకు ఈ కాస్త వెలుగు ఉండగానే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒక్కసారి పేజీలు తిప్పాలి. నాకు కావాల్సింది అంతే," అన్నారు.

ఆయన ఫోన్ల తొందర నాకు అప్పుడు అర్థమైంది. ఇక దాచి లాభం లేదని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇప్పుడున్న ప్లేట్లతో వేస్తే కొద్ది వారాల్లో పుస్తకం ఆయన ఒళ్ళో ఉంటుంది. మళ్ళీ చేయాలంటే ప్రతి ఫొటో మొదటి నుంచి చేయాలి, ఈలోగా మిషన్ నోటుపుస్తకాలకు పోతుంది, ఆ పైన వానలు. ముసురు పట్టిన గాలికి కాగితం చెమ్మ పీల్చి సాగుతుంది, అచ్చుకు వాడే నాలుగు రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. కాబట్టి ఇలాంటి పని వానల్లో పెట్టం. దసరా దాటొచ్చు. ఇవన్నీ చెబుతున్నంతసేపూ లలితమ్మగారు నా మొహం వంక చూడలేదు.

"తేడా ఎంత ఉందమ్మా?" అని అడిగారాయన.

"మరకలన్నీ పోయాయండి. కాలిన మచ్చలు కూడా లేవు. చేతులు తెల్లగా, నున్నగా ఉన్నాయి."

ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. అది తుడిస్తే ఏమీ మారదని ముగ్గురికీ తెలుసు.

"అయితే అవి వాళ్ళ చేతులు కావు గదా. నేను పెట్టిన సంతకాలు పెట్టనట్టే అనుకో. మళ్ళీ చెయ్యి."

"ఈసారి పాస్ చేసేదెవరండి?"

"రంగు నువ్వు చూడు. మిగతా ఫొటోలు నువ్వే పాస్ చెయ్యి, జీడి చేతులు మాత్రం పాస్ చేయాల్సింది వాళ్ళు. షెడ్డుకు పట్టుకెళ్ళు. ముందు చేసిన షీట్లు కూడా చూపించు, వాళ్ళకేది కావాలో వాళ్ళే చెబుతారు."

మర్నాడు ఆయనే ప్రొప్రయిటరు గారికి ఫోను చేసి, రంగుల విషయంలో మనసు మారిందని, ఆలస్యమైనా పరవాలేదని చెప్పారు. కళ్ళ సంగతి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. వెంకటేశు రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. ఏ మరకా తుడవకుండా ఒక బొమ్మ ఎలా పూర్తవుతుందో అతనికి మింగుడు పడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని నలుపు మీద పని చేయడం చూపించాను. చామనఛాయ చర్మం మీద మరక నలుపు వేరుగా కనిపించాలంటే నల్ల సిరా ఒక్కటే పోస్తే చాలదు, నీలం కొలత చూసుకోవాలి. లేకపోతే చెయ్యంతా మసిగుడ్డలా వస్తుంది. పట్టు దొరికాక అతను నాకంటే బాగా చేశాడు.

కొత్త ప్రూఫులు, పాతవి రెండు కట్టలుగా పట్టుకుని వేటపాలెం వెళ్ళాను. అన్నాల వేళ. ఆడవాళ్ళు చేతులు కడుక్కుని షెడ్డు బయట నీడన కూర్చున్నారు. మాస్టారు పంపారని చెప్పి ముందు పాత కట్ట విప్పాను. అందరికంటే పెద్దదైన ధనలక్ష్మి అనే ఆవిడ షీటు అందుకుని మెచ్చుకుంది. "ఎంత బాగున్నయ్యో చూడండి. మా కోడలు చూస్తే నా చేతులంటే నమ్మదు," అంది. అందరూ నవ్వారు. ఇందులో మీవి ఏవో చెప్పండని అడిగాను. షీట్లు ఒకరి నుంచి ఒకరికి తిరిగాయి. నీది, కాదు నీదేనని కాసేపు వాదించుకున్నారు. ఎవరివి వాళ్ళు తేల్చుకోలేకపోయారు.

అప్పుడు కొత్త కట్ట విప్పాను. నవ్వులు తగ్గిపోయాయి. ధనలక్ష్మి రెండో షీటు దగ్గరే ఆగింది. "ఇది నాదండి. ఈ బొటనవేలు చూడండి, నూనె పడి కాలింది," అని తన చెయ్యి తెచ్చి కాగితం పక్కన పెట్టింది. తర్వాత అందరూ ఎవరిది వాళ్ళు వెతుక్కున్నారు. ఇద్దరు ముగ్గురు లేచి ఎండలోకి వెళ్ళి చెయ్యీ కాగితమూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. ఒక షీటులో అరచెయ్యి మరీ ఎర్రగా ఉందన్నారు. చూస్తే నిజమే, ఎరుపు తగ్గించాలని దాని మీద రాసుకున్నాను. ఇన్నేళ్ళూ నేను ప్రూఫును పోల్చిన అసలు ప్రతులన్నీ కాగితాలో, కంప్యూటరు ఫైళ్ళో. ఊపిరున్న అసలు పక్కన ప్రూఫు పెట్టి చూడటం నాకు అదే మొదలు.

రమణ అనే ఒక్కామె మాత్రం తన షీటు పక్కకు పెట్టేసింది. పెళ్ళిళ్ళకు పోయినా చేతులు కొంగు కింద పెట్టుకునే కూర్చుంటానని, తనది పాత కట్టలోదే వేయమని అడిగింది. "మా చేతులు ఎట్టా ఉంటయ్యో మాకు తెలుసు గదండి. ఊరందరికీ చూపించాలా?" అంది.

"మొహం లేదుగా, నీదని ఎవరికి తెలుస్తది?" అంది ధనలక్ష్మి.

"నాకు తెలుస్తది," అంది రమణ.

అక్కడి నుంచే మాస్టారికి ఫోను చేశాను. అది పుస్తకంలో ఉన్న మంచి ఫొటోల్లో ఒకటి. ఆయన బతిమాలతారేమో, ఆమెతో మాట్లాడతానంటారేమో అనుకున్నాను. తుడిచినదీ వద్దు, అసలుదీ వద్దు, ఆ ఫొటో తీసేయమ్మా అన్నారు. ఆ మాట చెబితే రమణ తల ఊపి అన్నం క్యారియరు సర్దుకుంది. మిగిలినవాళ్ళు తమ తమ షీట్ల మీద పేర్లు రాశారు, రాయడం రానివాళ్ళకు పక్కవాళ్ళు రాసిపెట్టారు.

పాసైన ప్రూఫులనే కుట్టి ఒక నమూనా కాపీ చేసి ఇస్తాను, చూపు ఉండగా చూసుకోండని మాస్టారిని బతిమాలాను. లలితమ్మగారు కూడా చెప్పి చూశారు. ఆయన వినలేదు. మొదటి కాపీ షెడ్డుకని మాట ఇచ్చి ముందు తన ఒళ్ళో పెట్టుకోవడం కుదరదన్నారు. నాకు విసుగొచ్చింది, ఆ పంతం ఎందుకని ఫోనులోనే గట్టిగా అన్నాను. నీకు రంగుల మీద పంతం ఉన్నట్టే నాకూ ఒకటి ఉండనీ అమ్మాయ్ అన్నారు.

నోటుపుస్తకాల పని అయింది. వానలు వచ్చాయి. ఆ ఏడాది ముసురు వదలలేదు. మధ్యలో ఒకసారి ధైర్యం చేసి పుస్తకాన్ని మిషన్ మీద పెట్టి చూశాం. రంగులు పక్కకు జరిగి అంచులు రెండుగా కనిపించాయి, ఆపించేశాను. దసరా వెళ్ళాక గాలి ఆరింది. అచ్చు జరిగినన్నాళ్ళూ నేను మిషన్ దగ్గరే నిలబడ్డాను. పుస్తకం నేను అనుకున్నట్టే వచ్చింది. అంతకంటే బాగా చేయడం నాకు తెలియదు.

అప్పటికి మాస్టారికి వెలుగేదో నీడేదో తప్ప ఇంకేమీ తెలియడం లేదు. మొదటి కాపీలు వేటపాలెం చేర్చిన రోజు లలితమ్మగారు ఆయన్ని చెయ్యి పట్టుకుని ఆటో దించి షెడ్డులోకి తీసుకొచ్చారు. ఆయన కళ్ళ సంగతి అక్కడివాళ్ళకు ఆ రోజే తెలిసింది. ధనలక్ష్మి లేచి కుర్చీ వేసింది. పుస్తకాలు పంచాక చివరి కాపీ నేను ఆయనకు ఇచ్చాను. ఒళ్ళో పెట్టుకుని అట్ట మీద అరచెయ్యి ఆనించారు.

"నలుపు వచ్చిందా అమ్మా?"

"వచ్చింది మాస్టారూ."

ఆయన పేజీలు తిప్పలేదు. చుట్టూ ఆడవాళ్ళు ఒకరి పేజీ ఒకరికి చూపించుకుంటుంటే, అటూ ఇటూ తల తిప్పుతూ వింటూ కూర్చున్నారు.

నేను రిటైరయ్యాక ఈ సంగతి తెలిసినవాళ్ళు కొందరు అడుగుతుంటారు, ఆ రోజు నువ్వు బాపట్ల వెళ్ళకుండా ఉంటే ఆ పెద్దాయన తన పుస్తకాన్ని కళ్ళారా చూసుకునేవాడు గదా అని. అవును, చూసుకునేవారు. సంతోషించేవారు కూడా. అందులో ఉన్నవి ఎవరి చేతులూ కావని ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు. నా వృత్తి నాకు నేర్పింది ఒకటే: ప్రూఫును అసలుతో పోల్చాలి, సంతకంతో కాదు. ఆ పద్ధతి ప్రకారం పుస్తకం సరిగ్గా వచ్చింది, తీసిన మనిషి దాన్ని చూడలేదు. రెండూ జరిగాయి. ఒకటి చెప్పి ఇంకొకటి తుడిచేయడం నాకు చేతకాదు.